గద్దలబోడు నుంచి కోటయ్య కల్లందాకా

భీమవరం చుట్టూ ఎటు చూసినా వరిచేలు, చెరువులు, కాలవలు. మా ఊరివాడికి ఎత్తంటే కాలవ వంతెన. అలాంటి ఊళ్ళో హ్యాంగ్ గ్లైడర్ కొన్న మొనగాణ్ణి నేనొక్కణ్ణే. ఇంకొకడున్నాడని ఎవరైనా చెబితే నమ్మకండి.

పూనాలో ఒక మిల్లు ఏజెంటు దగ్గర రెండేళ్ళు పనిచేసినప్పుడు ఆదివారాలు అక్కడి కుర్రాళ్ళతో కొండలెక్కి ఎగరడం నేర్చుకున్నాను. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను: అదొక పెద్ద త్రికోణపు గుడ్డ రెక్క. లోపల అల్యూమినియం గొట్టాలు, కింద మనిషి బోర్లా వేలాడడానికి పట్టీలు, చేతులతో పట్టుకోవడానికి ఒక అడ్డకడ్డీ. ఇంజను లేదు. కొండ అంచున గాలికెదురుగా పరుగెత్తితే అదే లేపుతుంది. కుడివైపు పోవాలంటే ఒంటిని కుడికి జరపాలి, ఎడమకు పోవాలంటే ఎడమకి. అంతే. ఆ కుర్రాళ్ళలో ఒకడు ఉద్యోగం మారిపోతూ తన రెక్కకి ఎనిమిది వేలు చెప్పాడు. నేను నాలుగున్నర వేలకి దింపాను, హెల్మెట్టు కొసరు వేయించుకున్నాను. బట్టల కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. దాదాపు సగానికి తగ్గిన సరుకును వదిలి రావడం మా ఇంటావంటా లేదు. దాన్ని ఎక్కడ వాడతానన్న ప్రశ్న నాకు తోచలేదు. ఇంటికొచ్చాక మా అన్నయ్యకి తోచింది.

ఏడాదిపాటు అది మా గోడౌన్లో పడి ఉంది. ఒకరోజు అన్నయ్య టేపు తీసుకుని దాన్ని కొలుస్తున్నాడు.

"ఏం చేస్తున్నావన్నయ్యా?"

"కొట్టు ముందు ఎండ పడుతోందిరా. ఈ గుడ్డ పందిరికి సరిగ్గా సరిపోతుంది. గొట్టాలు చీరలు వేలాడేసుకోడానికి. ఉగాదిలోపు ఒక్కసారి దీన్ని ఎగరేసి చూపించు, నేను ముట్టుకోను. లేదా కత్తెర పెట్టేస్తాను."

గోదావరి జిల్లాల మర్యాదంటే అదే. గొంతు పెంచకుండా కత్తెర చూపిస్తారు. ఉగాదికి నెల కూడా లేదు. కొండలున్న తావు వెతుక్కుంటూ రెక్కని మూటగట్టి పల్నాడు బయల్దేరాను.

నరసరావుపేట

మూట పద్దెనిమిది అడుగుల పొడవు, నీలం సంచి. గుంటూరులో బస్సెక్కించేటప్పుడు కండక్టరు దాని చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో నొక్కి, "శవమా?" అన్నాడు.

"కాదండి. డేరా గుంజలండి" అన్నాను. గుంజలకి సామాను ఛార్జీ తక్కువుంటుందని నా ఆశ.

"డేరా అయితే ఎనకాల పెళ్ళివారుండాల. నువ్వు ఒంటిగా ఉండావ్. నిజం చెప్పు."

నిజం చెప్పాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఎగిరేదే అయితే నేలమీద మాతో ఏం పనయ్యా నీకు? ఎగురుకుంటా పో." బస్సంతా నవ్వింది. ఛార్జీ మాత్రం పైసా తగ్గలేదు. పైపెచ్చు దారిపొడుగునా ఎక్కినవాడికల్లా ఆ సంగతి మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు. నరసరావుపేట చేరేసరికి నా గురించి నాకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు.

నేను మనసులో పెట్టుకున్నది కోటప్పకొండ. మూటను హోటల్లో వదిలి మెట్లెక్కి చూశాను. గాలి బ్రహ్మాండంగా ఉంది. తూర్పు నుంచి ఎదురొచ్చి చొక్కా ఉబ్బిస్తోంది. దిగుతూ, కొబ్బరికాయలమ్మే ఆమెతో నా ఆలోచన చెప్పాను.

"ఎగిరేటప్పుడు కాళ్ళు ఎటుంటయ్?" అనడిగింది.

"వెనక్కి చాపి ఉంటాయండి, బోర్లా పడుకున్నట్టు."

"అంటే సామి మొకానికి కాళ్ళు చాపి పోతావా? పోయిరా. కాయ మాత్రం నా కాడ కొనబాక."

కాయ ధర ఎంతన్న ప్రశ్న కూడా రాలేదు. మా వైపు దేవుడి దగ్గర కూడా బేరం సాగుతుంది. ఇక్కడ ఆమె బేరానికి ముందే కొట్టు కట్టేసింది. ఆమె మాట సబబే అనిపించి ఆ కొండకి చేతులెత్తి దణ్ణం పెట్టి వచ్చేశాను.

నరసరావుపేటలో నాకు రెండు దెబ్బలు తగిలాయి. మొదటిది భోజనం. మా పప్పుచారులో బెల్లం ముక్క పడకపోతే వంటమనిషికి జ్వరమేమోనని కంగారుపడతాం. ఇక్కడ పప్పు, పచ్చడి, కూర, చివరికి మజ్జిగలో మిరపకాయ సహా అన్నీ ఒకే మాట మీద ఉన్నాయి. ఐదు రూపాయల భోజనానికి కన్నీళ్ళు ఉచితం. రెండో దెబ్బ తాడు. మూటకి కట్టిన తాడు తెగితే కొత్తది కొనడానికి బజారుకెళ్ళాను. కొట్టాయన ఆరు రూపాయలన్నాడు. నేను ఐదన్నాను. ఆయన తాడు తీసుకుని, కొలిచి, ఆరో వంతు కోసేసి, మిగతాది నా చేతిలో పెట్టాడు.

"ఇదేంటండీ?"

"ఐదు రూపాయల తాడు."

ఇంత సూటిగా ఓడిపోవడం నాకు అదే మొదలు. ఆ పొట్టి తాడుతో మూటకి రెండు చుట్లే పడ్డాయి.

మాచర్ల

గురజాల దాటాక నేల రంగు, గట్ల తీరు మారాయి. మా వైపు గట్టంటే మట్టి. ఇక్కడ చేల మధ్య నాపరాళ్ళు నిలువుగా పాతి ఉన్నాయి. అవి లేనిచోట ముళ్ళకంప. ఆ కంపని బస్సు కిటికీలోంచి చూస్తూ ఇదేం కంచె అని నవ్వుకున్నాను. దాని పరిచయభాగ్యం ఇంకా కలగలేదు మరి.

మాచర్లలో ట్రాక్టర్లు బాగుచేసే బాజీ షెడ్డు ముందు ఆగాను. ఒక గొట్టానికి బోల్టు వదులైతే బిగించుకుందామని. బాజీకి నలభై ఉంటాయి. చొక్కాకి గుండీలు లేవు, రెండు పిన్నీసులు. మూట విప్పగానే చేతిలో పనొదిలేసి వచ్చాడు. ఇంజను కోసం వెతికాడు. లేదన్నాను. బ్రేకు కోసం వెతికాడు. అదీ లేదన్నాను.

"మరేం ఉంది సేటూ ఇందులో?"

"గాలి ఉండాలి. కొండ ఉండాలి. కొండ తూర్పుముఖంగా, చివర చెట్లు లేకుండా ఉండాలి. కింద ఖాళీ చేను ఉండాలి."

బాజీ బీడీ ముట్టించి ఆలోచించాడు. "ఒకటుంది. ఊరికి దగ్గర్లోనే. మేకలోళ్ళు దాన్ని గద్దలబోడంటారు. ఆడ సాయంత్రమైతే గద్దలు రెక్క కొట్టకుండా అట్టనే తిరగతా ఉంటయ్, తాడు కట్టి వదిలినట్టు."

నా గుండె ఎగిరింది. గద్ద రెక్క కొట్టకుండా తిరిగే చోట గాలి పైకి లేస్తోందన్నమాట. పూనాలో మాకు నేర్పిన మొదటి పాఠం అది.

"ట్రాక్టరు మీద ఆడదాకా చేర్చడానికి ఎంత?"

"ముప్ఫై. డీజిలు నాదే."

"ఇరవై."

"ముప్ఫై."

"ఇరవై ఐదు. నేను ఎగిరేది దగ్గర్నుంచి చూడనిస్తాను."

బాజీ నవ్వేశాడు. "అది చూడాలనేగా ముప్ఫై అన్నది, లేకపోతే నలభై. సరే, ఇరవై ఐదియ్యి." పల్నాడులో అదొక్కటే నేను గెలిచిన బేరం. గెలిచానని ఆ సాయంత్రమంతా ఈల వేసుకున్నాను.

కోటయ్య కల్లం

మర్నాడు మధ్యాహ్నానికి ఆ బోడు కిందికి చేరాం. నల్లటి బోసి రాతికొండ. తూర్పువైపు నున్నగా జారి ఉంది. దాని ముందు పెద్ద జొన్నచేను, కోత అయిపోయి కొయ్యలు మాత్రం మిగిలాయి. కొండమీంచి చూస్తే చేనుకి ఎడమపక్క మిరప కల్లం. చదును చేసిన నేలమీద ఎండుమిరపకాయలు పరిచి ఉన్నాయి. ఎంత మేర అంటే, మా కొట్లో ఎర్రచీరలన్నీ విప్పి పరిచినా అందులో మూల నిండదు. కుడిపక్క పొడుగునా ముళ్ళకంచె.

చేనూ కల్లమూ కోటయ్యవి. యాభై దాటిన మనిషి, తలకి తువ్వాలు. నేను చేతులు కట్టుకుని, అండి మీద అండి పెట్టి, నా కోరిక వివరించాను: కొండమీంచి ఎగిరి వచ్చి మీ జొన్నచేలో దిగుతానండి, ఏమీ పాడుచేయనండి.

ఆయన అంతా విన్నాడు. "అదట్టా ఉంచు. నువ్వు దిగేది జొన్నలోనే అని గాలికి తెలుసా?"

ఆయన కల్లం వైపు చూపించాడు. "ఏడాది పంట అది. రేపెల్లుండి తిక్కీ గోతాలకెత్తి గుంటూరు తోలాల. ఒక్క కాయ తొక్కినా తొడిమ ఊడుద్ది, తాలు కింద సగం ధర కట్టేస్తారు ఆడ. నాకు నీ ఎగరడం కాదు, అది ముఖ్యం."

"చేనుకి అద్దె ఇస్తానండి. ఎంతో చెప్పండి" అన్నాను, పదిహేను దగ్గర మొదలెట్టి ఎనిమిదికి తెద్దామనుకుంటూ.

"డబ్బులెందుకు? చెప్పుల్లేకుండా దిగు, చాలు."

అర్థం కాక బాజీ వైపు చూశాను. ఈ ప్రాంతాన కల్లంలోకి, దాని దాపులకి, ఎవరూ చెప్పులతో రారట. ఇంటివాళ్ళూ కూలివాళ్ళూ, చివరికి గుంటూరు నుంచి సరుకు చూడటానికొచ్చే కమీషనుదారు కూడా గట్టు మీద జోళ్ళు విడిచే వస్తాడట. పై నుంచి వచ్చేవాడికి వేరే పద్ధతి ఎందుకుండాలి? కోటయ్య తల్లి మల్లమ్మ గుడిసె ముందు కూర్చుని తొడిమలు చూసి కాయలు ఏరుతోంది. తలెత్తకుండానే తీర్పు చెప్పింది: "ఎగిరొచ్చినా, నడిచొచ్చినా కల్లం కల్లమేరా అబ్బాయా."

అద్దె లేదు! నా లోపలి కొట్టువాడు గంతేశాడు. ఎగరడానికి మందపాటి బూట్లు ఎందుకు వేసుకుంటారో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది. ఒప్పేసుకున్నాను.

అన్నం పెట్టింది మల్లమ్మ. జొన్నన్నం, గోంగూర, పైన ఉల్లిపాయ. మొదటి ముద్దకి నా ముఖం చూసి, "గోదారోళ్ళు పాపం చక్కెర తిని బతుకుతారంటగా" అంది కోటయ్యతో, నేను అక్కడ లేనట్టు. రెండో ముద్దకి మజ్జిగ పోసింది. మూడోసారి నేనే అడిగి వేయించుకున్నాను. అబద్ధం కాదు, బాగుంది.

ఇక ఒక్కటే మిగిలింది. దిగేవాడికి కింద గాలి ఎటు వీస్తోందో పైనుంచి కనిపించాలి. దానికి ఒక పొడుగు గుడ్డ కర్రకి కట్టాలి. తెచ్చుకోలేదు. మా కొట్లో గుడ్డ తానులు తానులుగా ఉంది, కానీ ముక్క చింపితే అన్నయ్య ఎక్కడ పద్దు రాస్తాడోనని ముట్టుకోలేదు. బట్టల కొట్టువాడు గుడ్డముక్క లేక నిలబడటం చూసి బాజీ పొట్ట పట్టుకున్నాడు. "పొగ పెడదాం లెండి" అన్నాను గంభీరంగా. "నేను పైనుంచి చెయ్యూపగానే చేను పక్కన, ఇటు కుడివైపు, చిన్న మంట వెయ్యండి. పొగ ఎటు పోతే గాలి అటు." పొగకి ఖర్చు లేదు.

"పొగేగా, నేనేత్తాలే" అంది మల్లమ్మ.

బోడు మీద

రెక్కని నేనూ బాజీ భుజాలకెత్తుకుని పైకి చేర్చాం. ఈలోపు ఊళ్ళోంచి జనం కిందికి రావడం మొదలైంది. చీమల్లా కనిపిస్తున్నారు. పైన గొట్టాలు బిగించి గుడ్డ సాగదీసి, పట్టీలు రెండుసార్లు లాగి చూసుకున్నాను. బాజీ ఎక్కడినుంచో కొబ్బరికాయా నిమ్మకాయలూ తీశాడు.

"కొత్త బండికి ఎట్టా చేస్తామో అట్టానే. మల్లమ్మమ్మ పంపింది. సాయిబును నేను కొట్టినా ఫర్వాలేదంది."

రాతి మీద కాయ కొట్టాడు. నిమ్మకాయల దండ అడ్డకడ్డీకి కట్టాడు. అది ముక్కు ముందే ఊగుతోంది. తీసేద్దామనుకుని, కిందనుంచి అందరూ చూస్తున్నారని ఊరుకున్నాను. బూట్లు విప్పి బాజీకిచ్చాను. రాయి పెనంలా కాలుతోంది.

చిన్న మాట ఒప్పుకోవాలి. అక్కడ నిలబడ్డప్పుడు నాకు భయమేసింది. పూనా కొండల దగ్గర ఎవరైనా ఒక పాతకాపు ముందు ఎగిరి చూపించేవాడు. ఇక్కడ గాలి సంగతి చెప్పేవి రెండు గద్దలే. వాటిని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. ఎండ మెత్తబడింది. దిగిపోదాం అన్న మాట నోటిదాకా వచ్చింది. దిగితే అన్నయ్య కత్తెర. భయానికీ కత్తెరకీ మధ్య బేరమాడుకుంటూ ఉంటే, బాజీ అన్నాడు: "సేటూ, ఎగరకపోతే ఏమనుకోను. కానీ పొద్దు కూకితే నాకు ట్రాక్టరు లైటు లేదు."

అందులో ధైర్యం చెప్పడం ఏమాత్రం లేదు. అందుకే పనిచేసింది. గాలి ముఖాన సూటిగా తగిలినప్పుడు, కాలే రాతి మీద నాలుగడుగులు ఉరికాను. ఐదో అడుగుకి నేల అందలేదు.

గాలిలో

పల్నాడు పైనుంచి ఎలా ఉంటుందో చెప్పమంటే నాకు ఉపమానాలు రావు. సరుకుల భాషే వస్తుంది. నల్లరేగడి నేల కొత్త గొంగడి. నాపరాళ్ళ గట్లు దాని మీద తెల్ల కుట్లు. అక్కడక్కడ కల్లాలు, ఎర్రగా, ఎవరో తాను చించి ఆరేసినట్టు. దూరంగా నల్లమల అంచు నీలి జరీ. ఏదీ అమ్మకానికి లేదు. అంత సరుకు చూసి ధర అడగాలనిపించకపోవడం నా జన్మలో అదే మొదటిసారి.

గాలి బోడుని కొట్టుకుని పైకి లేస్తోంది. గద్దలు చెప్పింది నిజమే. ఒంటిని కాస్త జరిపితే రెక్క మాట విని తిరిగింది. కొండ అంచు వెంబడి అటూ ఇటూ నాలుగైదుసార్లు తిరిగాను. ఒక గద్ద నా పక్కకొచ్చి, తల తిప్పి, నిమ్మకాయల దండని చూసి వెళ్ళిపోయింది. గట్టిగా నవ్వాను. పైన ఎవరూ లేరుగా, ఎంతసేపు నవ్వినా ఎవరూ అడగరు.

ఎంతసేపు ఎగిరానో వాచీ చూడలేదు. బాజీ లెక్క ప్రకారం రెండు బీడీలు.

వెలుగు తగ్గుతుంటే కిందికి చెయ్యూపాను. పొగ లేచింది. బ్రహ్మాండమైన పొగ. తూర్పునుంచి పడమటికి, నేనున్న వైపుకి, చక్కగా వాలి వస్తోంది. అనుకున్నట్టే గాలి తూర్పుది. చేను చివరిదాకా పోయి, తిరిగి, కొండ పక్కగా దిగి, మళ్ళీ తూర్పుముఖం పెట్టి జొన్నచేలోకి వాలడం మొదలెట్టాను. అప్పుడు చూశాను. పొగ ఇప్పుడు నేను చెప్పిన కుడిపక్కన లేదు. చేను తూర్పు కొసన, సరిగ్గా నాకెదురుగా ఉంది.

ఎందుకలా అన్నది తర్వాత తెలిసింది. మల్లమ్మ కుడిపక్కనే మంట వేసిందట. అయితే ఊరంతా చేరి నోళ్ళు తెరిచి నన్నే చూస్తుంటే ఆమెకి భయమేసింది. ఇన్ని కళ్ళు ఒక్క మనిషి మీద పడితే వాడేం కావాలి? దిష్టి తీయాలి. దిష్టి పక్కనుంచి తీయరు, ఎదురుగా నిలబడి తీస్తారు. అందుకని మంటని ఎదుటికి మార్చింది. ఒక మనిషికైతే గుప్పెడు మిరపకాయలు చాలు. ఊరంత దిష్టికి? ఏరిన తాలుకాయలు గంపెడు ఉన్నాయి. ఉప్పు కలిపి, నా వైపు మూడుసార్లు తిప్పి, గంప గంపా మంటలో బోర్లించింది.

చెట్టు ఎత్తుకి దిగేసరికి ఆ పొగ నన్ను చేరింది. ఇంట్లో పోపులో ఒక్క మిరపకాయ మాడితే వీధి చివరివాడు తుమ్ముతాడు. గంపెడు కాయల పొగలోకి బోర్లా పడుకుని తలముందుగా వెళ్ళడం ఎలా ఉంటుందో మీరే ఊహించండి. కళ్ళు మూసుకుపోయాయి. ఊపిరి తీస్తే దగ్గు, దగ్గితే రెక్క ఊగుడు. కింద జనం కూడా దగ్గుతున్నారు, ఆ దగ్గులోనే "ఎడమ! ఎడమ!" అని అరుస్తున్నారు. నన్ను ఎడమకి రమ్మంటున్నారా, ఎడమకి పోతున్నానని చెబుతున్నారా? ఒక కన్ను బలవంతాన తెరిచాను. ఎదురుగా అంతా ఎరుపు.

కల్లం మీదికి వస్తున్నాను.

ఇక్కడ నిజం రాయాలి. ఆ ఎరుపు మెత్తగా ఉంది. అందులో వాలితే రెక్కకి గీత పడదు, నాకు దెబ్బ తగలదు. ఎగిరానన్న పేరుకి పేరు, చెక్కుచెదరని రెక్కకి రెక్క, అన్నయ్య కత్తెర డ్రాయర్లోనే. కావాలంటే తప్పు పొగ మీద నెట్టెయ్యొచ్చు. అంచున కోటయ్య ఉన్నాడు. దగ్గట్లేదు, అరవట్లేదు. తలగుడ్డ తీసి రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు.

ఒళ్ళంతా కుడికి విసిరాను.

రెక్క తిరిగింది. జొన్నకొయ్యలు దాటిపోయాయి. నిమ్మకాయలు ముక్కుకి తగిలాయి. ఆ తర్వాత ముళ్ళకంచె నన్నూ రెక్కనీ కలిపి కౌగిలించుకుంది.

కంచెలో

మొదట వచ్చినవాడు బాజీ అనుకున్నాను. కాదు. అతను ఇంకా బోడు దిగుతున్నాడు, నా బూట్లు చేత్తో పట్టుకుని. మొదట వచ్చింది కోటయ్య. కానీ నా దగ్గరికి కాదు. కల్లం చుట్టూ వంగి వంగి నడిచి, అంచులన్నీ చూసుకుని, ఆ తర్వాత నా దగ్గరికొచ్చాడు.

"ఒక్క కాయ నలగలా" అన్నాడు.

"నా ఎముకలండీ?"

"అయ్యి నువ్వు చూసుకోవాల."

అన్నాడేగాని, కంప ఒక్కొక్కటీ తన చేత్తో తప్పించి నన్ను బయటికి లాగింది ఆయనే. ఎముకలు బాగానే ఉన్నాయి. అరికాళ్ళలో, మోచేతుల్లో, చెప్పుకోలేని చోట్ల ముళ్ళు. రెక్క గుడ్డ ఒకపక్క బారెడు చిరిగింది, ముందు గొట్టం వంగింది. మల్లమ్మ పిన్నీసుతో నా కాళ్ళల్లో ముళ్ళు తీస్తూ సంతోషంగా ఉంది.

"కాయలు కాల్తే అంత ఘాటొచ్చిందిగా. ఊరంతా దగ్గారు. అంటే నీకు దిష్టి ఇసుమంత కూడా తగల్లేదు. తగిలుంటే ఘాటే రాదు."

"మరి కంచెలో ఎందుకు పడ్డానమ్మా?"

"అది దిష్టి కాదయ్యా. నీకు తోలడం రాక."

ఊరివాళ్ళకి ఎగరడం కంటే పడటమే నచ్చింది. నేను తెల్లారి మూట కట్టుకుంటూ పది రూపాయల నోటు తీసి కోటయ్యకివ్వబోయాను. "కంచె పాడైందండి. దీనికి."

"నీ పది రూపాయలు మేకల్ని ఆపుతయ్యా?" అన్నాడు. "కంచె ఎవడు పడగొడితే వాడే కట్టిపోవాల, మా కాడ పద్ధతి. కొడవలి అదిగో."

పదిహేను చేశాను. ఆయన వినిపించుకోలేదు. ఎండెక్కేదాకా, కట్టు కట్టిన కాళ్ళతో, కంపమండలు కొట్టుకొచ్చి అడ్డం పేర్చాను. నేను పేర్చింది చూసి కోటయ్య మూడుసార్లు పీకేయించాడు. ఆ మధ్యలో గుడిసె ముందు మల్లమ్మ, తిక్కీలు కుట్టే దబ్బనంతో, పురికొసతో, నా రెక్క చిరుగు కుట్టేసింది. బొద్దు కుట్లు, వేలెడంత ఎడం. ఆ కుట్టుతో అది ఎగరదని నాకు తెలుసు. ఆమెకి చెప్పలేదు. వంగిన గొట్టాన్ని బాజీ ట్రాక్టరు చక్రం కింద పెట్టి తిన్నగా చేశాడు. తిన్నగా అంటే, ఒక కన్ను మూసుకుని చూస్తే.

వస్తుంటే కోటయ్య ఒక గుడ్డమూట చేతిలో పెట్టాడు. ఎండుమిరప. తాలు కాదు, ఎర్రగా నిగనిగలాడే మేలు సరుకు. వెల అడిగితే మళ్ళీ కొడవలి ఇస్తాడేమోనని అడగలేదు.

మా కొట్టు

అన్నయ్య మూట విప్పి, గుడ్డ బల్ల మీద పరిచాడు. చిరుగునీ పురికొస కుట్లనీ వేలితో తడిమాడు. కొట్లో ఉన్న కస్టమర్లకి వినపడకుండా అడిగాడు: "ఎగిరావా?"

"ఎగిరాను."

"ఎంతసేపు?"

"రెండు బీడీలు."

కత్తెర డ్రాయర్లో పడేశాడు. "ఒకవేళ ఎగరకపోయినా ఇంక దీన్ని ముట్టుకోను. బట్టల కొట్టు ముందు గోనెసంచి కుట్లేసిన పందిరా? పరువు పోతుంది." దాన్ని తనే చుట్టి, గోడౌన్లో పైఅరలో పెట్టాడు. తర్వాత గల్లాపెట్టె ముందు కూర్చుని, "ఊ, ఖర్చు చెప్పు" అన్నాడు. ఇద్దరం కలిసి రాశాం.

రానుపోను ఛార్జీలు, మూట కూలీతో కలిపి: నూట నలభై రెండు.

భోజనాలు, టీలు, ఐదు రూపాయల తాడు: ముప్ఫై ఎనిమిది. మల్లమ్మ అన్నం ఇందులో లేదు.

మాచర్లలో ధనుర్వాతం సూది: ఆరు.

కొబ్బరికాయ, నిమ్మకాయలు: నాలుగు. దిగొచ్చాక ఇద్దామంటే మల్లమ్మ పుచ్చుకోలేదు, అయినా ఖర్చు ఖర్చే.

బాజీకి: ఇచ్చింది ఇరవై ఐదు, న్యాయంగా ఇవ్వాల్సింది ముప్ఫై. ముప్ఫై రాశాను. తేడా ఐదూ ఆ సాయంత్రమే మనియార్డరు చేశాను.

రెక్క: నాలుగు వేల ఐదు వందలు. ఇది ఇక ఎగరదు, అమ్ముడుపోదు. కాబట్టి మొత్తం ఈ ప్రయాణం పద్దులోకే.

మొత్తం నాలుగు వేల ఏడు వందల ఇరవై రూపాయలు.

"రెండు బీడీలకి!" అన్నాడు అన్నయ్య. "ఎక్కువ పెట్టావురా."

అవును, ఎక్కువే. ఎక్కడా తగ్గించి రాయలేదు.